మన ఓటు ఏ ఇంట్లో ఉంది?

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ల ఓటు ఎవరికి పడుతుందన్న చర్చ జోరుగా సాగుతుంది. పొదుపు సంఘాల వాళ్లు ఎటు, పింఛను తీసుకునే ముసలమ్మలు ఎటు అని పేజీలకు పేజీలు రాస్తారు. ఆ ఓటు ఎక్కడ పడుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఏ బడిలో, ఎన్నో గదిలో, ఏ జాబితాలో ఎన్నో నెంబరు దగ్గర తన పేరు ఉందో తెలియని మనిషికి ఎవరికి వెయ్యాలన్న ప్రశ్నే రాదు. సంఘం పనిలో ఇన్నేళ్లు తిరిగిన మీదట నాకు అర్థమైందేమిటంటే, తన పోలింగు కేంద్రం ఏదో మగవాడికి తెలిసినంత సులువుగా ఆడమనిషికి తెలియదు. చదువు లేకపోవడమే దీనికి కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. డిగ్రీ చదివిన కోడలికి తెలియదు, అదే ఇంట్లో అక్షరం రాని మామగారికి తెలుసు. ఆయన ఆ ఊళ్లోనే పుట్టాడు, ఆయన ఓటు ఎన్నడూ కదలలేదు. ఆమె మాత్రం పెళ్లితో కదిలింది, భర్త పనికోసం పట్నానికి కదిలింది, అద్దె పెంచినప్పుడల్లా ఇల్లు మారింది. మనిషి కదిలినంత వేగంగా పేరు కదలదు.

స్త్రీల ఓటుకీ ఇంటికీ ఉన్న ఈ ముడి కొత్తది కాదు. మొదటి సార్వత్రిక ఎన్నికల (1951-52) కోసం జాబితాలు తయారుచేసినప్పుడు బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్నారు. అలాంటి నమోదు చెల్లదని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. గడువిచ్చినా పేరు చెప్పనివారిని తీసేశారు. అప్పటి సుమారు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది అలా జాబితాకు దూరమయ్యారు. సేన్ చేసింది సరైనదేనని నా అభిప్రాయం. స్త్రీకి సొంత పేరు ఉండాలన్న పట్టుదల ఆనాడు ఒక ప్రభుత్వ అధికారి చూపడం చిన్న విషయం కాదు. కానీ పేరు చెప్పించాక కూడా ఆ పేరు పక్కన ఎవరో ఒకరి పేరు, ఎవరిదో ఒక ఇంటి నెంబరు ఉండిపోయాయి. ఇవాళ్టి చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి.

ముందు ఈ పోలింగు కేంద్రం అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే మన కార్యకర్తల్లోనే చాలామందికి ఇది గజిబిజిగా ఉంది. ప్రతి శాసనసభ నియోజకవర్గాన్ని కొన్ని వందల భాగాలుగా విడగొడతారు. ఒక్కో భాగానికి ఒక ఓటర్ల జాబితా, ఒక పోలింగు కేంద్రం. భాగం లోపల వీధుల వారీగా, ఇంటి నెంబర్ల వరసలో పేర్లు ఉంటాయి. జాబితా మొదటి పేజీలోనే ఆ భాగంలోకి వచ్చే వీధులు, పోలింగు కేంద్రం పేరు, చిరునామా, స్త్రీ పురుష ఓటర్ల లెక్క అచ్చువేస్తారు. కేంద్రం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది జిల్లా ఎన్నికల అధికారి అయిన కలెక్టరు, ఎన్నికల కమిషన్ ఆమోదంతో. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షను ఈ అధికారం ఇస్తూనే, కేంద్రాల జాబితాను ప్రకటించాలని కూడా చెప్పింది. ఓటరు 2 కిలోమీటర్లకు మించి నడవవలసిన అవసరం రాకూడదన్నది కమిషన్ నియమం. ఒక కేంద్రానికి ఓటర్ల గరిష్ఠ పరిమితిని 2025లో 1500 నుంచి 1200కి తగ్గించారు. క్యూలు తగ్గుతాయి, మంచిదే. అయితే పరిమితి తగ్గితే కొత్త కేంద్రాలు పుడతాయి, వీధులు ఒక భాగంలోంచి ఇంకో భాగంలోకి పోతాయి. కిందటిసారి ఓటు వేసిన బడే ఈసారీ మనదని అనుకోవడానికి లేదు. గుర్తింపు కార్డు వెనక అచ్చయిన భాగం నెంబరు కూడా పాతబడిపోయి ఉండవచ్చు.

ఇంకో సంగతి. ఒకే బడి ఆవరణలో నాలుగైదు కేంద్రాలు ఉంటాయి, ఒక్కో గది ఒక్కో కేంద్రం. బడి పేరు తెలిస్తే చాలుననుకుని వచ్చి, చంకలో పిల్లతో గంటసేపు వేరే గది ముందు నిలబడి, లోపలికి వెళ్లాక మీది ఇక్కడ కాదని విని, మళ్లీ ఇంకో వరసలో నిలబడే ఓపిక లేక ఇంటికి పోయిన ఆడవాళ్లను ప్రతి ఎన్నికలోనూ చూస్తున్నాను. వాళ్లు ఓటు పట్ల శ్రద్ధలేనివాళ్ల లెక్కలోకి పోతారు. నిజానికి తెలియవలసినవి రెండే అంకెలు, భాగం నెంబరు, ఆ భాగంలో మన వరస నెంబరు. ఈ రెండూ ఒక చీటీ మీద రాసి కొంగున కట్టుకుంటే లోపల పని నిమిషంలో అయిపోతుంది. మరో మాట కూడా తెలుసుకోవాలి. స్త్రీలకు వేరే వరస ఉండాలి, ఒక పురుషుణ్ణి లోపలికి పంపితే ఇద్దరు స్త్రీలను పంపాలని కమిషన్ సూచన. అమలు చెయ్యకపోతే ప్రిసైడింగ్ అధికారిని అడగండి. అడిగిన చోట చేస్తున్నారు.

ఇక పెళ్లి విషయం. పుట్టింట్లో 18 నిండగానే అమ్మాయి పేరు నమోదవుతుంది. పెళ్లయి వెళ్లిపోయిందని తెలిసిన బూత్ స్థాయి అధికారి ఆ పేరు తొలగింపుకి రాస్తారు. అత్తవారింట్లో ఎవరూ దరఖాస్తు పెట్టరు. 'ఇంకా కొత్త, పేరు తర్వాత ఎక్కిద్దాంలే' అంటారు. రెండిళ్ల మధ్య ఆ ఓటు జారిపోతుంది. లేదా రెండుచోట్లా ఉండిపోతుంది, అదీ తప్పే, 1950 చట్టం 17వ సెక్షను ప్రకారం ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదు. ఇల్లు మారినప్పుడు పెట్టవలసింది ఫారం-8. కొత్తగా చేరేవారికి ఫారం-6, తొలగింపుకీ అభ్యంతరానికీ ఫారం-7. అంతకుముందు నియోజకవర్గం లోపల మారితే ఒక ఫారం, బయటికి పోతే ఇంకో ఫారం ఉండేవి, 2022లో వాటిని కలిపేశారు. ఫారం-8తో మారితే పాత కార్డు నెంబరే కొనసాగుతుంది. అందుకని కార్డు నెంబరు ఎక్కడన్నా రాసి పెట్టుకోమని నేను అందరికీ చెబుతుంటాను. కంప్యూటరులో పేరుతో వెతికితే మనవాళ్లు దొరకరు. ఒక్కో భాగంలో పదిమంది లక్ష్మమ్మలు ఉంటారు. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తింటిది ఉంటుంది, అక్షరదోషాలు సరేసరి. కార్డు నెంబరుతో వెతికితే వెంటనే తేలుతుంది. కంప్యూటరు తెలియకపోతే 1950కి ఫోను చెయ్యవచ్చు.

భర్త పేరే రాయాలని రూలు ఉందని చాలామంది నమ్ముతున్నారు, కొందరు సిబ్బందితో సహా. ఫారం-6లో తండ్రి, తల్లి, భర్త, వీళ్లలో ఎవరి పేరైనా ఇవ్వవచ్చు. అనాథలైతే సంరక్షకుల పేరు, ట్రాన్స్‌జెండర్లయితే గురువు పేరు కూడా ఇవ్వవచ్చు. వదిలేసి పోయిన మనిషి పేరు మోస్తూ తిరగనక్కరలేదు. తల్లి పేరు రాయించుకున్న ఆడవాళ్లు మా బస్తీలో ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్ల మొహంలో ఆ సంతోషం చూడవలసిందే.

హైదరాబాదులో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: 'ఓటు ఊర్ల ఉందక్కా, ఈడ లేదు.' పాలమూరు నుంచి వచ్చినా శ్రీకాకుళం నుంచి వచ్చినా ఇదే మాట. ఊళ్లో ఓటు ఉంచుకోవడానికి వాళ్లకు బలమైన కారణాలే ఉన్నాయి. రేషన్ కార్డు అక్కడ, పింఛను అక్కడ, ఓటు తీస్తే అవి కూడా పోతాయన్న భయం. ఓటుకీ వాటికీ చట్టంలో సంబంధం లేదు, అయినా ఆ భయం ఊరికే పుట్టింది కాదని మనకు తెలుసు. అందుకని ఊరి ఓటు మార్చుకొమ్మని నేను ఎవరినీ బలవంతపెట్టను. ఎక్కడ నివసిస్తున్నావన్నదే చట్టం చూస్తుందని, తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదని చెబుతాను. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లకు మాత్రం ఇంకో మాట చెబుతాను. నీళ్లు, మురుగు, వీధి దీపం, బస్తీ దవాఖానా, వీటి గురించి నిర్ణయించేది ఇక్కడి కార్పొరేటర్, ఎమ్మెల్యే. వాళ్లు మనల్ని లెక్కచెయ్యకపోవడానికి ఒక కారణం మనం వాళ్ల జాబితాలో లేకపోవడం. అద్దె కాగితం ఇవ్వనని ఇంటాయన అంటే అంతటితో ఆగిపోనక్కరలేదు. నివాసానికి కాగితం లేకపోతే అధికారి స్వయంగా వచ్చి విచారించి రాసుకోవాలి. రోడ్డు పక్కన పడుకునేవాళ్ల విషయంలో కూడా రాత్రిపూట వచ్చి చూసి నమోదు చెయ్యాలని కమిషన్ సూచనలు ఉన్నాయి. సెక్స్ వర్కర్లకు ఓటరు కార్డులు ఇవ్వాలని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాగితాల మీద దారి ఉంది. ఆ దారిలో ఒంటరిగా నడవడానికి ఆడవాళ్లకు ధైర్యం చాలడం లేదు.

తొలగింపుల సంగతి ఇంతకంటే పెద్దది. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజు, చేతిలో కార్డు ఉండి జాబితాలో పేరు లేక వెనక్కి పోయినవాళ్లు రాష్ట్రమంతటా ఉన్నారు. బాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరు కూడా కనిపించలేదు, ఆమె బహిరంగంగానే అడిగారు. ఆమెకు నోరుంది, వినేవాళ్లున్నారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఇతరుల పేర్ల మీద ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో పడ్డాయి, పోలీసు కేసులయ్యాయి. ఇలాంటి అబద్ధపు ప్రకటనకు ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. ఉన్న పేరు తీసెయ్యాలంటే నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1950 చట్టం 22వ సెక్షను అంటుంది. జాబితాలో ఉన్నవారిని విచారణ లేకుండా తీసెయ్యరాదని 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, ఆ నోటీసు ఎక్కడికి వస్తుంది? జాబితాలో ఉన్న చిరునామాకి. గెంటేసిన భార్య పేరు మీద వచ్చిన నోటీసును అత్తగారు ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు. 'ఆ పిల్ల ఇక్కడ ఉండట్లేదండీ' అన్న ఒక్క మాటతో ఆమె పౌరసత్వపు ఆనవాలు ఒకటి చెరిగిపోతుంది. జాబితా చివర అనుబంధంలో తీసేసిన పేర్లు, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఇ అంటే చనిపోయారు, ఎస్ అంటే మారిపోయారు, ఆర్ అంటే రెండోసారి ఉన్న పేరు. మన బస్తీ జాబితాలో ఎస్ అక్షరం ఎంతమంది ఆడవాళ్ల పక్కన ఉందో ఒకసారి లెక్కపెట్టి చూడండి. వాళ్లలో ఎంతమంది నిజంగా వేరేచోట నమోదయ్యారో కనుక్కోండి. మన పత్రిక చెయ్యదగ్గ పరిశోధన ఇది.

2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సవరణ ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసింది. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. పేర్లూ కారణాలూ ప్రకటించాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2003 జాబితాలో తమ పేరు లేని, 1987 జూలై తర్వాత పుట్టినవాళ్లు తల్లిదండ్రుల కాగితాలు కూడా చూపాలన్నారు. తల్లి పేరో తండ్రి పేరో 2003 జాబితాలో ఉంటే అది సరిపోతుందన్నారు. మగవాడికి ఆ జాబితా ఊళ్లోనే దొరుకుతుంది. పదిహేనేళ్ల కింద వేరే జిల్లా నుంచి కాపురానికి వచ్చిన కోడలు పుట్టింటి ఊరి పాత జాబితా, భాగం నెంబరు, వరస నెంబరు వెతుక్కోవాలి. పుట్టింటితో మాటలు లేనివాళ్లు, కులాంతర వివాహం చేసుకుని వచ్చినవాళ్లు ఎవరిని అడుగుతారు? నిబంధన రాసినవారు ఆడవాళ్లను ప్రత్యేకంగా తొలగించాలని అనుకుని ఉండరు. ఆడవాళ్లు ఇళ్లు మారతారన్న సంగతి వాళ్ల దృష్టికి రాలేదు, అంతే. ఆ ఏడాదే ఈ సవరణ మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించింది. మనం పాత జాబితాల్లో మన అమ్మానాన్నల పేర్లు వెతికి దాచుకోవడం తెలివైన పని.

2024 లోక్‌సభ ఎన్నికల్లో స్త్రీలు 65.78 శాతం, పురుషులు 65.55 శాతం ఓటు వేశారని కమిషన్ లెక్క. సభల్లో ఈ అంకె చదివి చప్పట్లు కొడుతున్నాం. ఆ శాతం జాబితాలో ఉన్నవారి మీద కట్టింది. జాబితాలో లేని స్త్రీ ఆ లెక్కలో కూడా లేదు.

పోలింగు కేంద్రం ఎక్కడ ఉందన్నది కూడా మన విషయమే. పోలీసు స్టేషనులో, ఆసుపత్రిలో, గుడి మసీదు వంటి చోట్ల పెట్టకూడదని, 200 మీటర్ల లోపు పార్టీ కార్యాలయం ఉండకూడదని నియమాలున్నాయి. అయినా ఊరి పెద్దమనిషి ఇంటి ముందు నుంచి నడిచి వెళ్లవలసిన బడిలో కేంద్రం ఉంటే, వాడ నుంచి వచ్చే ఆడవాళ్లు ఎవరెవరు వచ్చారో, ఎవరితో వచ్చారో ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లకు లెక్క తెలుస్తుంది. ఓటు రహస్యం, దారి రహస్యం కాదు. కేంద్రాల ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు, సూచనలు తీసుకుంటారు. ఆ సమావేశాలకు పార్టీల వాళ్లే పోతున్నారు. వాళ్లు వాళ్ల అవసరాలు చెప్పుకుంటారు. వాడకు కేంద్రం కావాలి, ర్యాంపు కావాలి, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి, వాగు దాటకుండా దారి కావాలని మనం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎన్నికల ప్రకటన వచ్చాక చెబితే వినే తీరిక ఎవరికీ ఉండదు. నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో పేరు చేర్చడం కూడా కుదరదు. పోలింగు ముందురోజు ఒక సందేశం వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపి 'చాలెంజ్ ఓటు' వెయ్యవచ్చని. అది అబద్ధం. పేరు లేకపోతే ఓటు లేదు. పేరు ఉండి, మన పేరు మీద వేరెవరో వేసిపోతే మాత్రం టెండర్ ఓటు అడిగే హక్కు ఉంది.

పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు వేరే కమిషన్ నడుపుతుంది, రాష్ట్ర ఎన్నికల సంఘం. అక్కడ వార్డుల లెక్క వేరు కనుక పోలింగు కేంద్రం కూడా వేరుగా ఉండవచ్చు, మళ్లీ చూసుకోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. ఆ పంచాయతీ జాబితాలో పేరు లేని స్త్రీ నామినేషను వెయ్యలేదు. నిలబడమని మనం నాయకత్వ శిక్షణ ఇచ్చిన మనిషికి చివరిరోజున ఈ కారణంగా అవకాశం పోతే ఆ శిక్షణంతా దండగ.

సంఘాలు ఏం చెయ్యాలంటే నాకు పెద్ద ప్రణాళికలేవీ తోచవు. ముసాయిదా జాబితా గ్రామసభలో చదివి వినిపించాలని సూచన ఉంది. చదివించండి, ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే వేళలో చదివించండి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలకు 18 నిండినవాళ్లు నమోదు కావచ్చు, ఆ నెలల్లో కాలేజీ పిల్లల వెంట పడండి. మూకుమ్మడి దరఖాస్తులు తీసుకోరు, కాబట్టి రాయడంలో సాయం చేసి ఎవరి కాగితం వాళ్లే ఇచ్చేటట్టు చూడాలి. తిరస్కరిస్తే 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. బూత్ స్థాయి అధికారిని శత్రువుగా చూడకండి. చాలాచోట్ల ఆమె అంగన్‌వాడీ టీచరే. పిల్లల తూకాలు, గర్భిణుల లెక్కలు, వంట, వీటన్నిటి మీద ఈ పని. ఏడాదికి 6,000 రూపాయలున్న పారితోషికాన్ని 2025లో 12,000 చేశారు, నెలకు వెయ్యి. ఆ డబ్బుకి ఇల్లిల్లూ తిరగమనేవాళ్లను నిలదీయకుండా ఆమెను తిట్టడం న్యాయం కాదు.

చివరగా ఒక చిక్కు. దీనికి నా దగ్గర జవాబు లేదు. హింస భరించలేక ఇల్లు విడిచి, చిరునామా దాచుకుని బతుకుతున్న స్త్రీలు మన సంఘాలన్నిటిలో ఉన్నారు. పాత ఊరికి వెళ్లి ఓటు వెయ్యడం వాళ్లకు ప్రాణాపాయం. ఫారం-8 పెట్టి కొత్తచోటికి మార్చుకుంటే భర్త అనుమతి అక్కరలేదు, అది సరే. కానీ ఓటర్ల జాబితా బహిరంగ పత్రం. పేరు, వయసు, ఇంటి నెంబరు అందులో ఉంటాయి, వెతికేవాడికి దొరుకుతాయి. బ్రిటన్‌లో 2006 చట్టంతో ఇలాంటివారి పేరూ చిరునామా జాబితాలో కనపడకుండా నమోదు చేసే పద్ధతి వచ్చింది. సాక్ష్యాల షరతులు కష్టంగా ఉన్నాయని అక్కడి స్త్రీలు పోరాడితే 2018లో వాటిని సడలించారు. ఓటు కావాలంటే దాక్కున్న చోటు చెప్పాలి, ప్రాణం కావాలంటే ఓటు వదులుకోవాలి అనే పరిస్థితిలో మన దగ్గర స్త్రీలు ఉన్నారు. దీని మీద ఎన్నికల కమిషన్‌కు ఒక వినతిపత్రం తయారుచేయాలని మా సంఘంలో అనుకుంటున్నాం. ఇలాంటి కేసులు మీ దృష్టికి వచ్చి ఉంటే పేర్లు, ఊళ్లు లేకుండా, ఏం జరిగిందో మాత్రం రాసి పత్రిక చిరునామాకు పంపండి.